మూస నుంచి స్ఫటికం దాకా: తెలంగాణలో పదార్థవిజ్ఞాన శిక్షణ, దాని భాష

వ్యాససంగ్రహం:
తెలంగాణలో లోహాలకు, ఇతర పదార్థాలకు సంబంధించిన జ్ఞానం కమ్మరి కొలిమిలోను, ప్రభుత్వరంగ కర్మాగారంలోను, విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రంలోను మూడు దశలుగా సాగింది. ఒక్కో దశలో ఆ విద్య ఎవరికి అందింది, ఏ భాషలో అందింది అనే విషయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కోనసముద్రం ఉక్కు, హైదరాబాదు లోహ పరిశోధన సంస్థలు, హైదరాబాదు విశ్వవిద్యాలయం, కంది ఐఐటీలను చారిత్రక ఆధారాలుగా తీసుకుంటుంది. గుమ్మడిదల ప్రాంత ఔషధ కర్మాగారాల్లో వినిపించే పనిమాటలను కూడా వృత్తిపదాలుగా గుర్తించి, అర్థాలతో సహా సేకరించవలసిన అవసరాన్ని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పదార్థవిజ్ఞానం, ఉక్కు, మూస, స్ఫటికం, వృత్తిపదాలు, గుమ్మడిదల, పటాన్‌చెరు, శిక్షణ.

1. ఉపోద్ఘాతం

వృత్తిపదాల పాఠం చెప్పేటప్పుడు, ఇళ్లలో వాడే పనిమాటలను రాసుకురమ్మని డిగ్రీ విద్యార్థులను అడగడం ఈ వ్యాసకర్తకు అలవాటు. గుమ్మడిదల వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థిని రెండు జాబితాలు తెచ్చింది. మొదటిది తాత చెప్పినది: దుక్కి, సాలు, నారు, విత్తనం, కల్లం. రెండోది ఔషధ కర్మాగారంలో పనిచేసే తండ్రి చెప్పినది: ఛార్జింగ్, సీడింగ్, ఎం.ఎల్., వెట్ కేక్, సెకండ్ క్రాప్. రెండో జాబితా చూపిస్తూ "ఇవి ఇంగ్లీషు మాటలు కదా సార్, వృత్తిపదాల కిందికి వస్తాయా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు తరగతిలో అప్పటికప్పుడు సరైన సమాధానం దొరకలేదు. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ ప్రశ్నే.

గుమ్మడిదల హైదరాబాదు నుంచి నర్సాపూర్ మీదుగా మెదక్ వెళ్లే రహదారి మీద ఉంది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనకు ముందు ఇది మెదక్ జిల్లా జిన్నారం మండలంలో ఒక గ్రామం. ఆ తరువాత సంగారెడ్డి జిల్లాలో మండల కేంద్రమయింది. బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి ప్రాంతాలతో కలిసి ఔషధ, రసాయన కర్మాగారాల పట్టీలో భాగంగా ఉంది. ఇదే జిల్లాలో, ముంబయి రహదారి మీద ఉన్న కందిలో భారతీయ సాంకేతిక విజ్ఞాన సంస్థ, అంటే హైదరాబాదు ఐఐటీ ఉంది. అక్కడ పదార్థవిజ్ఞానానికి ప్రత్యేక విభాగమే ఉంది. ఒకే జిల్లాలోని ఈ రెండు చోట్లా పదార్థాల మీదనే పని జరుగుతున్నది. అయితే ఒకచోటి మాట మరొకచోటికి చేరడం లేదు. ఈ దూరం ఎలా ఏర్పడిందో తెలియాలంటే శిక్షణ చరిత్రను మొదటి నుంచి చూడాలి.

2. 'పదార్థం' అనే మాట

వైశేషిక దర్శనంలో ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం అనేవి పదార్థాలు. పదం చేత తెలియదగిన అర్థం పదార్థమని వ్యుత్పత్తి. అక్కడ వస్తువు ఒక్కటే పదార్థం కాదు, దాని గుణమూ పదార్థమే. వాడుకలో ఈ మాట క్రమంగా వస్తువుకు పరిమితమై, వంటింటి తినుబండారాల దాకా వచ్చింది.

శాస్త్ర వాఙ్మయంలో ఈ పదానిది మరో ప్రయాణం. 1906లో హైదరాబాదులో ప్రారంభమైన విజ్ఞానచంద్రికా మండలి కాలంలో, ఇప్పుడు మనం భౌతికశాస్త్రం అంటున్నదానిని పదార్థవిజ్ఞాన శాస్త్రమని వ్యవహరించేవారు. పాఠ్యపుస్తకాల్లో భౌతికశాస్త్రం అనే పదం స్థిరపడ్డాక పాత పేరు ఖాళీ అయింది. 20వ శతాబ్దం మధ్యలో అమెరికా విశ్వవిద్యాలయాల్లో లోహశాస్త్రం, పింగాణీ పదార్థాలు, పాలిమర్ల అధ్యయనాలను ఒకచోట చేర్చి కొత్త విద్యాశాఖను రూపొందించారు. తెలుగులో ఆ శాఖకు ఈ ఖాళీ అయిన పేరే అమరింది. పదార్థం లోపలి నిర్మాణం, దాని గుణాలు, దాన్ని తయారుచేసే విధానం, అది పనిలో నిలిచే తీరు అనే నాలుగింటికీ ఉన్న సంబంధం ఈ శాస్త్రానికి విషయం. ద్రవ్యంతోపాటు గుణాన్ని, కర్మను కూడా పదార్థాలుగా లెక్కించిన పాత సంప్రదాయానికి ఈ పేరు పరాయిదేమీ కాదు.

3. కొలిమి: కోనసముద్రం

తెలంగాణలో పదార్థజ్ఞానానికి లిఖిత ఆధారం ఉన్న ప్రసిద్ధ కేంద్రాల్లో నిజామాబాదు జిల్లా కమ్మర్‌పల్లి మండలంలోని కోనసముద్రం ఒకటి. మండలం పేరులోనే కమ్మరి ఉన్నాడు. లాంబ్టన్ నాయకత్వంలోని త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేసి 1824లో మరణించిన హెన్రీ వెస్లీ వాయిసీ ఇక్కడి ఉక్కు తయారీని చూసి రాసుకున్నాడు. ఆ వివరణ 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన ఇనుములను కలిపి మూసలో పెట్టి కరిగించడం, గడ్డను నెమ్మదిగా చల్లార్చడం, దానికి మట్టి పూసి మళ్లీ మళ్లీ కాచడం అందులో కనిపిస్తాయి. ఈ ఉక్కు కోసం పారసీక వర్తకులు ఇక్కడికి వచ్చేవారని, తమ దేశంలో దీన్ని అనుకరించబోయి విఫలమయ్యామని వారు చెప్పేవారని కూడా ఆయన నమోదు చేశాడు.

ఈ ప్రక్రియలోని శాస్త్రాన్ని ఇప్పుడు వివరించవచ్చు. మెత్తని ఇనుములో కర్బనం చాలా తక్కువ. మూత వేసిన మూసలో కర్బనంతో కలిసి కరిగినప్పుడు అది సుమారు ఒకటిన్నర శాతం కర్బనం గల ఉక్కు అవుతుంది. కోనసముద్రం మూసల మట్టిలో వరి ఊక కలిపేవారు. కాలిన ఊక నుంచి కర్బనం, సిలికా మిగులుతాయి కాబట్టి మూస తీవ్రమైన వేడిని తట్టుకునేది. పొలంలో మిగిలిన ఊక కొలిమిలో పనిముట్టయింది. ఈ ఉక్కుతో చేసిన కత్తిని సానబట్టి, ఆమ్ల గుణం గల ద్రావకంతో తుడిస్తే దాని మీద నీటి అలల వంటి చారలు తేలేవి. నెమ్మదిగా చల్లారేటప్పుడు, సాగగొట్టేటప్పుడు లోపల బారులు తీరిన కార్బైడ్ కణాలే ఆ చారలు.

'ఉక్కు' అనే దక్షిణాది మాటే ఐరోపాలో 'వూట్జ్'గా మారిందని పండితులు సాధారణంగా అంగీకరిస్తారు. బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ పంపిన నమూనాలపై జార్జ్ పియర్సన్ 1795లో రాయల్ సొసైటీకి పత్రం సమర్పించాడు. 1819లో మైకేల్ ఫారడే దీన్ని విశ్లేషించి, ఇందులోని గొప్పదనానికి కారణం అల్యూమినియం కావచ్చునని పొరపడ్డాడు. ఆ పొరపాటు నుంచే ఆయన, జేమ్స్ స్టోడార్ట్ కలిసి ఉక్కులో ఇతర లోహాలను కలిపి చూసే ప్రయోగాలకు దిగారు. మిశ్రమ ఉక్కుల పరిశోధనకు అవి తొలి మెట్లు. ఈ విధంగా లండన్ ప్రయోగశాలలో ఉక్కు పరిశోధనాంశమవుతున్న కాలానికే కోనసముద్రంలో కొలిమి మండుతున్నది. ఒకరి విద్య మరొకరికి నమూనాగా మాత్రమే చేరింది.

ఈ దశను గురించి గొప్పగా చెప్పుకోవడంతో సరిపెట్టకూడదు. కొలిమి విద్య తండ్రి నుంచి కొడుక్కి చేతిపనిగా వచ్చింది. కులం దాటి బయటికి పోలేదు. మూస, తిత్తి, చిట్టెం, పదును, సాన వంటి స్పష్టమైన పదజాలం దానికి ఉంది గాని, ప్రక్రియను రాసిపెట్టిన గ్రంథం లేదు. దిగుమతి ఇనుము చవకగా దొరకడం, 1856 తరువాత బెస్సెమర్ పద్ధతి ఉక్కు రావడం, అడవుల నుంచి బొగ్గు దొరకడం కష్టం కావడం వంటి కారణాలతో కొలిమి ఆరినప్పుడు విద్య కూడా దానితోపాటే పోయింది. మిగిలినవి మాటలే. 'మూస' అనే పదం నేడు విమర్శలో 'మూసకథ', 'మూసపాత్ర' అనే నిందార్థంలో వినిపిస్తున్నది. ఆ మాట వాడేవారిలో అసలు మూసను చూసినవారు అరుదు.

4. కర్మాగారం: శిక్షణ తలుపు తెరుచుకోవడం

స్వాతంత్ర్యానంతరం లోహవిద్య హైదరాబాదులో ప్రభుత్వరంగం ద్వారా తిరిగి వచ్చింది. రక్షణ లోహ పరిశోధనశాల 1963లో ఇక్కడ ఏర్పడింది. 1960ల నడిమి కాలంలో రామచంద్రాపురంలోని భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం చెకొస్లొవేకియా సహకారంతో ఉత్పత్తి ప్రారంభించింది. 1971లో అణు ఇంధన సముదాయం, 1973లో ప్రత్యేక లోహాల కోసం మిధాని వచ్చాయి. 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వెలిసి, 'శరత్' పోరాట వాహనాల తయారీకి కేంద్రమయింది. బాలానగర్‌లో సోవియట్ సహకారంతో ఏర్పడిన ఐడీపీఎల్ ఔషధ రసాయనాల తయారీలో ఒక తరానికి శిక్షణ ఇచ్చింది. అక్కడ పని నేర్చినవారు తరువాత సొంత పరిశ్రమలు పెట్టారు. బొల్లారం, పటాన్‌చెరు, జిన్నారం వైపు ఔషధ కర్మాగారాలు విస్తరించడంలో ఆ అనుభవం పాత్ర పెద్దది.

ఈ దశలో కులం అనే గోడ కొంత కూలింది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కర్మాగారాల్లో శిక్షణను చట్టబద్ధం చేసింది. ఐటీఐ చదివిన రైతు కొడుకు, కూలీ కొడుకు ఫిట్టర్‌గా, టర్నర్‌గా, వెల్డర్‌గా మారారు. 'లేత్ మిషన్', 'వెల్డింగ్ కొట్టడం', 'టెంపర్ పోవడం' వంటి ప్రయోగాలు తెలుగు క్రియలతో కలిసి సహజ వాడుకలోకి వచ్చాయి. కొలిమి భాష పోయినచోట ఒక మిశ్రమభాష పుట్టింది. అయితే ఆ భాష చేతిపని వరకే పరిమితమయింది. ఎందుకు పదును పోతుంది అనే ప్రశ్నకు సమాధానం ఇంగ్లీషు నివేదికల్లో ఉండిపోయింది.

ఉన్నతవిద్యను దేశభాషలో చెప్పే ప్రయత్నం హైదరాబాదుకు కొత్త కాదు. 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి అనువదించి, వేల పదాలను కల్పించింది. 1948 తరువాత బోధనా మాధ్యమం మారడంతో ఆ పదజాలానికి పనిలేకపోయింది. ఉర్దూ విశ్వవిద్యాలయ భాష అయినా తెలుగు పల్లెలకు పనిభాష కాలేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ స్థాయి వరకు శాస్త్రపాఠాలను తెలుగులో అందించింది. అది గొప్ప సేవ. అయితే పదాలు పాఠ్యపుస్తకం నుంచి పరీక్షకు వెళ్లాయి గాని కర్మాగారం మెట్లు ఎక్కలేదు. రెండు సందర్భాల్లోనూ పదాలు పైనుంచి కిందికి వచ్చాయి. పని జరిగేచోట పుట్టిన మాటను పైకి తీసుకుపోయే మార్గం ఏర్పడలేదు.

5. విశ్వవిద్యాలయ కేంద్రం

1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం పదార్థవిజ్ఞానంలో ప్రపంచస్థాయి ముద్ర వేసిన శాఖ స్ఫటిక నిర్మాణశాస్త్రం. 1979లో ఇక్కడ చేరిన గౌతమ్ దేశిరాజు, అణువులు స్ఫటికంలో ఎలా పేరుకుంటాయో ముందుగా ఊహించి రూపొందించే విద్యను అభివృద్ధి చేసి, 1989లో దానిపై గ్రంథం ప్రచురించారు. అశ్వినీ నాంగియా ఔషధ స్ఫటికాలపై పరిశోధనను విస్తరించారు. ఈ ప్రయోగశాలల్లో అనేకమంది పరిశోధక విద్యార్థులు శిక్షణ పొందారు.

ఈ విద్యకు ఔషధ పరిశ్రమతో ఉన్న సంబంధాన్ని ఒక ఉదాహరణ తెలుపుతుంది. ఎయిడ్స్ చికిత్సకు వాడే రిటోనావిర్ 1996లో మార్కెట్లోకి వచ్చింది. 1998లో అదే అణువు అంతకుముందు ఎరగని మరొక స్ఫటిక రూపంలో పేరుకోవడం మొదలయింది. కొత్త రూపం సరిగా కరగదు. అందువల్ల ఆ గుళికలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అణువు మారలేదు, పేరుకునే తీరు మారింది. మందు పనిచేయకుండా పోవడానికి ఆ ఒక్క తేడా చాలు.

హైదరాబాదు ఐఐటీ 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలోని తాత్కాలిక వసతిలో ప్రారంభమయింది. 2015లో కందిలోని శాశ్వత ప్రాంగణానికి మారింది. ఒక లోహ కర్మాగారం నీడలో పుట్టిన సంస్థకు 2019లో సంచాలకులుగా వచ్చిన బి.ఎస్. మూర్తి స్వయంగా లోహశాస్త్రజ్ఞులు. ఐదారు లోహాలను ఇంచుమించు సమపాళ్లలో కలిపే అధిక ఎంట్రపీ మిశ్రమాలపై 2014లో వెలువడిన గ్రంథానికి ఆయన, జె.డబ్ల్యు. యే, ఎస్. రంగనాథన్ రచయితలు. రంగనాథన్ బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో మూర్తికి గురువు. ఈ రకమైన బహులోహ మిశ్రమాల గురించి ఆయన 2003లోనే 'కరెంట్ సైన్స్'లో రాశారు. శారదా శ్రీనివాసన్‌తో కలిసి వూట్జ్ ఉక్కు చరిత్ర రాసినవారూ ఆయనే. ఉత్తర తెలంగాణలో చిట్టెపు దిబ్బలను, పాత కొలిమి స్థలాలను నమోదుచేసిన బెంగళూరు, ఎక్సెటర్ పరిశోధకుల బృందంలోనూ ఆయన ఉన్నారు. కోనసముద్రానికి, కందికి మధ్య ఈ గురుశిష్య పరంపర ఒక వంతెన. కొలిమిలో విద్యను మోసినది వంశం, ఇక్కడ మోసినది పరిశోధన.

ఇలాంటి విభాగంలో చేరిన విద్యార్థి తొలిరోజుల్లో నేర్చేది చేతిపనే. లోహపు ముక్కను కోసి, దిమ్మలో బిగించి, ముతక గరుకు కాగితం మొదలుకొని సన్ననిదాని వరకు వరుసగా రుద్దాలి. కాగితం మారినప్పుడల్లా ముక్కను తొంభై డిగ్రీలు తిప్పి, వెనకటి గీతలు చెరిగేదాకా రుద్దాలి. అద్దంలా మెరిశాక, ఉక్కయితే ఆల్కహాల్‌లో కొద్దిగా నత్రికామ్లం కలిపిన ద్రావణాన్ని తాకించాలి. అప్పుడు సూక్ష్మదర్శినిలో రేణువుల సరిహద్దులు కనబడతాయి. కత్తిని సానబట్టి ద్రావకంతో తుడిచి చారలు చూసిన పాత పనివాడు చేసినదీ ఇదే. తేడా ఒక్కటే, విద్యార్థి ఆ చారకు కారణం చెప్పగలడు. కాని తెలుగులో చెప్పమంటే తడబడతాడు. 2021 నుంచి జేఈఈ మెయిన్ ప్రశ్నపత్రం తెలుగులోనూ వస్తున్నది. ప్రాంతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధనకు ఏఐసీటీఈ అదే ఏడు అనుమతి ఇచ్చింది. గుమ్మం దాకా తెలుగు వచ్చింది. ప్రయోగశాల లోపల దానికి చోటు ఇంకా దొరకలేదు.

6. గుమ్మడిదల: విత్తు, పంట, తల్లిద్రవం

ఇప్పుడు విద్యార్థిని తెచ్చిన రెండో జాబితాకు వద్దాం. ద్రావణం నుంచి మందును స్ఫటికాలుగా రాబట్టేటప్పుడు, కావలసిన రూపంలో ఉన్న చిన్న స్ఫటికాలను ముందుగా కొద్దిగా వేస్తారు. అది సీడింగ్, అంటే విత్తడం. వాటిని ఆసరా చేసుకొని తక్కినవి అదే రూపంలో పెరుగుతాయి. ఏ విత్తు వేస్తే ఆ మొక్కే అన్న రైతు మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. రిటోనావిర్ విషయంలో అక్కరలేని విత్తే సమస్య అయింది. స్ఫటికాలను వడగట్టగా మిగిలిన తడిముద్ద వెట్ కేక్. మిగిలిన ద్రవం ఎం.ఎల్., విడమరిస్తే 'మదర్ లిక్కర్', అంటే తల్లిద్రవం. దాని నుంచి మళ్లీ తీసే స్ఫటికాలు సెకండ్ క్రాప్, అంటే రెండో పంట.

తాత జాబితాలోని విత్తనమే ఇక్కడ సీడింగ్ అయింది. కల్లానికి చేరే పంటే ఇక్కడ క్రాప్ అయింది. పొలాలు కర్మాగారాలుగా మారిన ప్రాంతంలో వ్యవసాయ పదజాలం ఇంగ్లీషు ముసుగులో మళ్లీ వచ్చింది. ఆ సంగతి చెప్పేవారు లేక, తండ్రి నోట అవి అర్థం వదిలిన శబ్దాలయ్యాయి. ఎందుకు విత్తుతారో తెలిసిన కార్మికుడికి, ఫలానా నిమిషంలో ఫలానా పొట్లం వెయ్యాలని మాత్రమే తెలిసిన కార్మికుడికి మధ్య తేడా కేవలం భాషాతేడా కాదు.

ఆ తేడా ప్రాణాల మీదికి, నీళ్ల మీదికి వస్తుంది. పటాన్‌చెరు సామూహిక వ్యర్థజల శుద్ధికేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్‌కు చెందిన యోవాకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. చికిత్స పొందుతున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరకు చేరే నీటి గురించిన ఈ అంకె ప్రపంచ శాస్త్రలోకానికి ఇంగ్లీషులో తెలిసింది. ఒడ్డున ఉన్న రైతుకు అది తన భాషలో పత్రికావార్తగా మాత్రమే అందింది. 2025 జూన్ 30న పాశమైలారంలో సూక్ష్మ స్ఫటిక సెల్యులోజ్ తయారుచేసే కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా కార్మికులు మరణించారు. వారిలో ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు చాలామంది. ఆ ప్రమాద కారణాల్లోకి ఈ వ్యాసం పోవడం లేదు. అయితే మండే గుణమున్న ఏ పదార్థమైనా మెత్తని పొడి అయినకొద్దీ గాలికి తగిలే ఉపరితలం పెరుగుతుంది, గాలిలో కమ్ముకున్న పొడి ఒక్క నిప్పురవ్వకు పేలగలదు అనేది పదార్థవిజ్ఞానంలో తొలి పాఠాల్లో ఒకటి. దాన్ని తెలుగులోను, ఒడియాలోను, హిందీలోను చెప్పగలగడం కూడా శిక్షణలో భాగం కావాలి.

7. ముగింపు

ఈ పరిశీలన వల్ల కొన్ని విషయాలు స్పష్టమవుతున్నాయి. కొలిమిలో భాష, పని కలిసే ఉన్నాయి గాని విద్య ఒక కులానికి పరిమితమయింది. కర్మాగారం ఆ తలుపు తెరిచింది గాని పనిని, కారణాన్ని విడదీసింది. విశ్వవిద్యాలయ కేంద్రం కారణాన్ని పరిశోధించి ప్రపంచస్థాయికి తీసుకుపోయింది గాని దానిని పక్క ఊరి మాటలోకి తేలేదు. కాబట్టి పాత కొలిమిని తలచుకొని నిట్టూర్చడం ఎంత నిష్ప్రయోజనమో, కొత్త కేంద్రాన్ని చూసి తృప్తిపడడమూ అంతే.

ఈ లోటు తీర్చడానికి అవసరమైన పద్ధతి తెలుగు పరిశోధనకు తెలియనిది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. పండితులు పదాలు కల్పించకుండా, పనివారి దగ్గరికి వెళ్లి అడిగి, ప్రాంతాలవారీగా నమోదు చేయడం ఆ పద్ధతి. పటాన్‌చెరు పట్టీ కర్మాగారాల పదాలను అదే పద్ధతిలో సేకరించాలి. సీడింగ్ బదులు బీజనం అనే మాట కల్పించి కార్మికుడి నోట పెట్టవలసిన పనిలేదు. సీడింగ్ అంటే విత్తడమని, ఎందుకు విత్తుతారో ఇదని ఆ పదం పక్కన రాయాలి. పదసేకరణ తెలుగు శాఖల పని. అర్థవివరణకు పదార్థవిజ్ఞాన విద్యార్థి కావాలి. ఇద్దరూ కలిసి ఒక్క వేసవి క్షేత్రపర్యటన చేసినా అది ఇద్దరికీ శిక్షణే అవుతుంది.

ఆ విద్యార్థిని ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పవచ్చు. సీడింగ్, వెట్ కేక్, ఎం.ఎల్., సెకండ్ క్రాప్ నిస్సందేహంగా వృత్తిపదాలే. వాటితో పొట్టపోసుకునేవారు ఉన్నంతకాలం అవి తెలుగు నేల మీది మాటలే. ఆమె తెచ్చిన కాగితంలో పదాల వరుస నిండుగా ఉంది. అర్థాల వరుస ఖాళీగా ఉంది. పదార్థవిజ్ఞానం పదమూ అర్థమూ రెండూ కలిసిన విద్య కాబట్టి, ఆ రెండో వరుసను నింపవలసిన బాధ్యత కంది ప్రయోగశాలది ఎంతో మన తెలుగు శాఖలదీ అంతే.